జామ్‌లో పెట్టిన మందు

మొన్న ఆదివారం మా అమ్మతో ఆఫీసులో పనిచేసే సింధు గారు, భర్తనూ ఆరేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని మా ఇంటికి టీకి వచ్చారు. టీ అన్నది పైకి చెప్పిన కారణం. అసలు కారణం నేను. మా అమ్మకు ఈ మధ్య ఇదొక సమాజసేవ అయిపోయింది. తెలిసినవాళ్ళ పిల్లల్లో ఎవరికైనా ఏడీహెచ్‌డీ, అంటే కుదురూ శ్రద్ధా నిలవని సమస్య, అని డాక్టరు చెప్పారంటే చాలు, ఆ తల్లిదండ్రులను పిలిచి, టీ ఇచ్చి, నన్ను చూపిస్తుంది. అపార్ట్‌మెంట్ కట్టేవాళ్ళు మోడల్ ఫ్లాట్ చూపించినట్టు. నేను హాల్లోకి వచ్చి, కుర్చీలో కుదురుగా కూర్చుని, మొదలుపెట్టిన నాలుగు వాక్యాలను పూర్తి చేసి, ఉద్యోగం చేస్తున్నానని చెప్పి లోపలికి వెళ్ళిపోవాలి. ఆ రోజు పొద్దున నా ఫోన్ ఫ్రిజ్‌లో, కొత్తిమీర కట్ట పక్కన దొరికిందన్న సంగతి మోడల్ ఫ్లాట్ చూడవచ్చినవాళ్ళకు చెప్పరు.

వాళ్ళ పాప పేరు ఆద్య. వచ్చిన వెంటనే డైనింగ్ టేబుల్ కిందికి దూరి, కుర్చీ కాళ్ళకు తొడిగిన రబ్బరు బూట్లు ఊడదీసే పనిలో పడింది. చాలా శ్రద్ధగా చేస్తోంది. ఈ పిల్లకు శ్రద్ధ లేదని ఎవరన్నారో అనుకున్నాను. వాళ్ళ నాన్న కాసేపు వాతావరణం గురించీ, అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ గురించీ మాట్లాడి, గొంతు తగ్గించి అసలు ప్రశ్న అడిగారు. "మాత్ర మింగదండీ. పొడి చేసి, తనకు తెలియకుండా జామ్‌లో పెట్టేస్తే ఎలా ఉంటుంది?"

అమ్మ టీ కప్పు కింద పెట్టింది. నేనూ అమ్మా ఒకరినొకరం చూసుకోలేదు. చూసుకుంటే నవ్వొస్తుంది. వచ్చినవాళ్ళు భయపడతారు.

తెలుగులో మందు అనే మాటతో పెద్ద చిక్కు. అది మంచిదో చెడ్డదో పక్కనున్న క్రియను బట్టి తేలుతుంది. మందు వేసుకుంటే రోగం తగ్గుతుంది. మందు కొడితే పరువు పోతుంది. ఇక మందు పెట్టడమంటే ఏమిటో మా నాన్న వైపు వాళ్ళనడగాలి. బెంగళూరు పక్కనున్న వాళ్ళ ఊరు ఆనేకల్‌లో ఆ మాటకు ఒకటే అర్థం. గిట్టనివాళ్ళో, లొంగదీసుకోవాలనుకున్నవాళ్ళో తిండిలో ఏదో కలిపి మనకు తెలియకుండా తినిపించడం. అలా తిన్న మనిషి అన్నం మానేస్తాడు, మాట తగ్గిపోతుంది, ఒక మూల కూర్చుని గోడకేసి చూస్తుంటాడు. దాన్ని ఆకు పసరు తాగించి కక్కించేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ ఇళ్ళ ముందు వరసలూ ఉన్నాయి. మా అమ్మది గుంటూరు. ఆ అర్థం అక్కడా ఉంది గానీ, ఇంజనీరింగ్ చదివి, బెంగళూరొచ్చి, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగంలో చేరేసరికి ఆమె నిఘంటువులోంచి అది రాలిపోయింది. మా ఇంట్లో జరిగిన గొడవంతా ఆ రాలిపోయిన అర్థం వల్లే జరిగింది.

నా చిన్నప్పుడు మేము మారతహళ్ళిలో మూడో అంతస్తు అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. పక్కన ఎప్పుడూ ఒక బిల్డింగు కడుతూనే ఉండేవాళ్ళు, అందుకని మా ఇంట్లో పొద్దుటి వాసన అంటే కాఫీ, తడి సిమెంటు, నాన్న హెల్మెట్ లోపలి చెమట, ఈ మూడూ కలిసిన వాసన. నాన్న అత్తిబెలె దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పొద్దున్నే బండి తాళం వెతుక్కునేవాడు. అది రోజూ కొత్త చోట దొరికేది. అమ్మ ఒక చేత్తో ఇడ్లీ తీస్తూ, ఇంకో చేత్తో నా జడ వేస్తూ, సాక్స్ వేసుకో అని చెప్పేది. ఆ మాట మొదటిసారి మామూలు గొంతుతోనూ, రెండోసారి కొంచెం పెంచీ, మూడోసారి పక్క ఫ్లాట్ పిల్లలు కూడా సాక్స్ వేసుకునేంత గట్టిగానూ వచ్చేది. నేను నిజంగానే సాక్స్ కోసం బయలుదేరేదాన్ని. దారిలో బాల్కనీ వచ్చేది. బాల్కనీలోంచి క్రేను కనిపించేది. క్రేను కనిపించాక సాక్స్ ఎవరికి గుర్తుంటాయి? బస్సు హారను వినిపించేసరికి నేను ఒంటి సాక్స్‌తో ఉండేదాన్ని, అమ్మ రెండు చేతులతో కణతలు నొక్కుకుంటూ ఉండేది.

బడివాళ్ళు నన్ను చాలా ప్రేమించేవాళ్ళు. ప్రేమిస్తున్నామని చెప్పడానికే అమ్మానాన్నలను తరచుగా పిలిచేవాళ్ళు. పాప చాలా తెలివైనది, కానీ, అని మొదలుపెట్టేవాళ్ళు. ఆ కానీ తర్వాత అరగంట పట్టేది. చివరికి ఒకసారి, పిల్లల డాక్టరుకు చూపించండి, వచ్చే ఏడాది సీటు గురించి ఆ తర్వాత మాట్లాడదాం అన్నారు. పిల్లల మనసు చూసే డాక్టరమ్మ చాలాసార్లు పిలిచి, చాలా ప్రశ్నలడిగి, అమ్మకు కొన్ని పద్ధతులు నేర్పి, అవి చాలకపోతే మందు వాడి చూద్దామంది. నాన్న ఒప్పుకోలేదు. నేనూ చిన్నప్పుడు ఇట్లే ఉంటి, ఏమైంది నాకు, అని కాలు ఊపుతూ అడిగాడు. డాక్టరమ్మ ఆ కాలును కాసేపు చూసి, మర్యాద గల మనిషి కాబట్టి ఊరుకుందట. ఇంటికొచ్చాక చాలా రోజులు వాదన జరిగింది. చివరికి ఒక రాజీ కుదిరింది. బడి సెలవులిచ్చేదాకా వాడి చూడాలి. నేను నేనుగా లేకుండా పోతే నాన్న ఒక్క మాటతో ఆపేయొచ్చు. ఇంకో షరతు అమ్మ పెట్టింది, ఈ సంగతి నాలుగో మనిషికి తెలియకూడదని. ఆ ముగ్గురూ అమ్మ, నాన్న, డాక్టరమ్మ. నన్ను లెక్క వేయలేదు.

ఆ మందు అన్ని షాపుల్లో దొరకదు. దొరికిన చోట కూడా షాపువాడు చీటీని అటూ ఇటూ తిప్పి, వెలుతురులో పట్టి చూసి, నాన్న మొహం చూసి, మళ్ళీ చీటీ చూసేవాడు. కూతురి కోసం నిజాయితీగా మందు కొంటూ దొంగలా నిలబడాల్సి వచ్చిందని నాన్న చాలా కాలం చెప్పుకున్నాడు. పొడి చేసి ఇవ్వొచ్చని డాక్టరమ్మే చెప్పింది. నాకు తెలియకుండా ఇవ్వమని మాత్రం చెప్పలేదు. ఆ ముక్క అమ్మ సొంతంగా చేర్చింది. పొద్దున్నే వంటగది తలుపు దగ్గరకు వేసి, రెండు స్పూన్ల మధ్య మాత్రను నొక్కేది. టక్ మని ఒక శబ్దం. తర్వాత కరకర. తర్వాత ఎర్రటి జామ్ సీసా మూత. గుంటూరు ఆడపడుచు ఇడ్లీకి జామ్ రాసి పిల్లకు పెట్టిందంటే, ఆమె ఎంత కష్టంలో ఉందో ఆ వైపు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

మొదటి వారం బాగా సాగలేదు. నేను నిశ్శబ్దంగా ఉన్నానట. సోఫాలో ఒక చివర కూర్చుని, అడిగితేనే మాట్లాడానట. అమ్మ భయపడింది. నాన్న నన్ను నవ్వించడానికి తలమీద ఇడ్లీ పాత్ర మూత పెట్టుకున్నాడు, నేను బాగుంది నాన్నా అన్నానట. ఆ బాగుంది అన్న మాటకు ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని అమ్మ చెబుతుంది, కంట్లో సిమెంటు దుమ్ము పడిందని ఆయన చెబుతాడు. ఇద్దరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తారు. ఆవిడ మోతాదు తగ్గించింది. కొలత కుదిరేదాకా ఇలా కొంచెం అటూ ఇటూ అవుతుంది, కంగారు పడకండి, ఏది గమనించినా నాకు చెప్పండి అంది.

తగ్గించాక ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. ఆనేకల్‌లో నాన్నవాళ్ళ అమ్మ, మా అవ్వ ఉండే వీధంతా కరెంటు మగ్గాలే. అన్నీ కలిసి మోగుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినిపించదు, అందరూ అరిచే మాట్లాడుకుంటారు. ఉన్నట్టుండి కరెంటు పోతుంది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. అప్పుడు ఎదురింట్లో ఎవరో ముక్కు చీదడం కూడా వినిపిస్తుంది. నాకు క్లాసులో అలా అయింది. టీచర్ ఒక వాక్యం మొదలుపెట్టి, ముగించింది. రెండు చివరలూ వినిపించాయి. అది తీసివేతల గురించిన వాక్యం, అంత గొప్పదేమీ కాదు. అయినా వాక్యాలకు చివర అంటూ ఒకటి ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఒక్క ఇబ్బంది మిగిలింది. మధ్యాహ్నం ఆకలి వేసేది కాదు. టిఫిన్ డబ్బా ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చేది. సాయంత్రం మాత్రం కనిపించిందల్లా తినేదాన్ని. సరిగ్గా ఆ రోజుల్లోనే, మమ్మల్ని చూసిపోదామని మా అవ్వ ఆనేకల్ నుంచి వచ్చింది.

అవ్వ పట్టు నేసే ఇంట్లో పుట్టి, పట్టు నేసే ఇంటికి కోడలైంది. తెగిన పోగు ఎక్కడున్నా ఆమె వేళ్ళకు ముందు తెలుస్తుంది, కళ్ళకు తర్వాత. ఆకు, వక్క, సున్నం కలిసిన వాసన ఆమెకంటే ముందు గదిలోకి వచ్చేది. వచ్చిన రోజునుంచే ఎదురుగా కూర్చోబెట్టుకుని నా మణికట్టు పట్టుకుని చూడటం మొదలుపెట్టింది. అది శనివారం, బడి లేదు. మధ్యాహ్నం నేను అన్నం కెలికి వదిలేశాను. తర్వాత ఒక మూల కూర్చుని బొమ్మకు రంగులు వేశాను, గీత దాటకుండా, ఏనుగు మొత్తం, తోకతో సహా. అప్పటిదాకా నేను ఏ జంతువునూ పూర్తి చేసిన చరిత్ర లేదు. అమ్మ ఆ ఏనుగును చూసి పొంగిపోయింది. అవ్వ అదే ఏనుగును చూసి బెదిరిపోయింది. బిడ్డ తినేది లేదు, అరిచేది లేదు, సుమ్మనే, ఊరికే కూర్చోనుండాది అని నాన్నతో అంది. నాన్న ఫ్యానుకేసి చూశాడు. మా ఇంట్లో కష్టమైన ప్రశ్న వస్తే ఫ్యానుకేసి చూడటం నాన్న మొదలుపెట్టిన సంప్రదాయం.

మరుసటి సోమవారం పొద్దున అమ్మ గుంటూరులో ఉన్న వాళ్ళ అక్కతో ఫోన్లో మాట్లాడుతోంది. నాలుగో మనిషికి తెలియకూడదన్న షరతు అక్కలకు వర్తించదు కాబోలు. "రోజూ జామ్‌లో మందు పెట్టేస్తున్నానక్కా. దానికి తెలీదు. ఇప్పుడు చెప్పిన మాట వింటోంది" అంది. వంటగది తలుపు అవతల అవ్వ ఆకుకు సున్నం రాసుకుంటోంది.

ఆ సాయంత్రం బడి బస్సు దిగేసరికి అవ్వ గేటు దగ్గర నిలబడి ఉంది. గుడికి పోతున్నామని వాచ్‌మన్‌కు చెప్పి, నన్ను బస్సెక్కించింది. బస్సులు మారి అత్తిబెలెలో దిగాం. ఒక ఇంటి ముందు రేకుల పందిరి, దాని కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో మొహాలు వేలాడేసుకున్న మనుషులు. పందిరి చివర ఒక పెద్దావిడ పచ్చటి పసరు కలుపుతోంది, పక్కన బకెట్లు. నాకు ఎంతో ఆసక్తిగా ఉంది. మా వంతు వచ్చింది. ఎవరింట్లో తింటివి పాపా, బాగా గుర్తు చేసుకో, అని ఆవిడ అడిగింది. గుర్తు చేసుకోవలసిన పనేముంది? మా ఇంట్లోనే, అమ్మే పెడుతుంది, జామ్‌లో, రెండు స్పూన్లతో నూరుతుంది, నాకు వినిపిస్తుంది అని చెప్పాను.

అవ్వ నన్ను తనవైపు తిప్పుకుంది. "తెలిసీ ఎందుకు తింటా ఉండావే?"

"అది తింటే అమ్మకు తలనొప్పి తగ్గుతుందవ్వా."

ఇది నేను స్వయంగా కనిపెట్టిన వైద్యశాస్త్రం. చేదు జామ్ మొదలైనప్పటినుంచీ అమ్మ కణతలు నొక్కుకోవడం తగ్గింది. సాక్స్ మాట రెండోసారితోనే ఆగిపోతోంది. కాబట్టి జబ్బు అమ్మకు, మందు నాకు. ఎవరికైనా చెబితే ఆపేస్తారేమోనని చెప్పలేదు. దారిన పోయేవాళ్ళకు కూడా మా ఇంటి సంగతులన్నీ చెప్పే పిల్లను, అన్ని రోజులూ ఒక్క మాట బయటపెట్టలేదు. తర్వాత డాక్టరమ్మకు ఈ సంగతి చెబితే, మందు బాగానే పనిచేస్తున్నట్టుంది అంది.

పసరు ఆవిడ, ఎందుకైనా మంచిదని గ్లాసు ముందుకు జరిపింది. అవ్వ ఆ గ్లాసునూ నన్నూ చూసి, లేచి, నా మణికట్టు పట్టుకుని బయటికి నడిచింది. బస్‌స్టాప్‌లో ఉడికించిన వేరుశనక్కాయల పొట్లం కొనిచ్చింది. సాయంత్రమైంది కదా, నాకు ఆకలి తిరిగొచ్చేసింది. పొట్లం మొత్తం నేనే తిన్నాను. అలాంటి మందు తిన్న మనుషులు ఇలా తినరు. అవ్వ దారంతా ఆలోచిస్తూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి అమ్మానాన్నలిద్దరూ గేటు బయటే ఉన్నారు, అపార్ట్‌మెంట్ సగం వాళ్ళతో ఉంది. పైకి వచ్చాక అవ్వ సోఫాలో కూర్చోకుండా గడప పక్కన నేలమీద కూర్చుంది. బిడ్డకు ఏమి పెడతా ఉండావమ్మా, యాడికి పోయి తెస్తివి, అని అమ్మను అడిగింది. తన మీద వచ్చిన అభియోగం ఏమిటో అమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ముందు నవ్వింది. తర్వాత కూర్చుండిపోయింది. బడి, సీటు, డాక్టరమ్మ, మోతాదు, అంతా వరసగా చెప్పింది. అవ్వ మొత్తం విని, డాక్టరు ఇచ్చిందైతే దాచేది ఎందుకని అడిగింది. చెబితే ఇది ఊరంతా చెప్పేస్తుంది అత్తయ్యా, బడిలో పిల్లలు ఏడిపిస్తారు, తనలో ఏదో లోపముందని అనుకుంటుంది, అంది అమ్మ.

"చూడమ్మా," అంది అవ్వ. "చెప్పి ఇస్తే మందు ఇచ్చినట్లు. చెప్పకుండా పెడితే, డాక్టరు రాసిందైనా సరే, మందు పెట్టినట్లే."

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు నాన్న, అయితే ఆపేద్దాం, సాకు ఇంక, చాలు, అన్నాడు. రాజీ ప్రకారం ఆయనకు ఆ హక్కు ఉంది. ఒక్క నిమిషంలో అంతా ముగిసిపోయేదే. మగ్గాలన్నీ మళ్ళీ మొదలయ్యేవి, వచ్చే ఏడాది సీటు సంగతి దేవుడికెరుక. అవ్వ నాన్నవైపు తిరిగి, నిన్నెవరడిగిందప్పా, తినే బిడ్డను అడగండి, అంది.

అమ్మ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నీకొక మాట చెప్పాలి, అంది. జామ్ గురించా అన్నాను. అమ్మ మొహం అప్పుడెలా ఉందో వర్ణించను. మా ఇంట్లో ఆ సన్నివేశం ఇప్పటికే కావలసినన్నిసార్లు ప్రదర్శించారు. కాసేపటికి తేరుకుని, అది మందు, నీ తల లోపల గోల తగ్గడానికి, నువ్వు చెడ్డపిల్లవని కాదు, వద్దంటే డాక్టరమ్మతో మాట్లాడి ఆపేస్తాం, అంది.

"జామ్ ఆపొద్దు," అన్నాను. "మందు కూడా ఆపొద్దు. అది తింటే టీచర్ చెప్పేది చివరిదాకా వినిపిస్తుంది."

నాన్న కాలు ఊపడం ఆపాడు. ఆ వాక్యాన్ని నేనేదో జ్ఞానోదయమై అన్నట్టు ఇంట్లో చెప్పుకుంటారు. నిజానికి ట్యూబులైటు వెనక బల్లిని చూస్తూ అన్నాను.

తర్వాత డాక్టరమ్మ బడి వేళంతా పనిచేసే మాత్రకు మార్చింది. దాన్ని పొడి చేయకూడదు, అలాగే మింగాలి. మింగడం నేర్పే బాధ్యత అవ్వ తీసుకుంది. సగ్గుబియ్యం పాయసం కాచి, ఒక్కో గింజను నమలకుండా మింగించేది, ముందు చిన్నవి, తర్వాత పెద్దవి. మింగలేనివి నమిలి తినేసేదాన్ని కాబట్టి ఈ చదువులో ఫెయిలైనా నష్టం లేదు. బడిలో సంగతి నేనే చెప్పేశాను, అమ్మ భయపడినట్టే, మొదటి పీరియడ్‌లోనే. ఇద్దరు ఏడిపించారు. ఒక అమ్మాయి మాత్రం, ఆ పాయసం మాకూ తెస్తావా, అని అడిగింది. వచ్చే ఏడాది సీటు అదే బడిలో దొరికింది. ప్రేమ అలాగే కొనసాగింది, పిలుపులు మాత్రం తగ్గాయి.

ఇప్పుడు నాకు ఉద్యోగముంది, బ్యాగులో చిన్న స్టీలు డబ్బా ఉంది, అందులో మాత్ర ఉంది. మధ్యలో కొన్నేళ్ళు డాక్టరు సలహాతో మానేశాను, ఉద్యోగంలో చేరాక మళ్ళీ మొదలుపెట్టాను. పొద్దున మీటింగు ముందు, మందు వేసుకుని వస్తానని లేస్తే మా టీములో తెలుగువాళ్ళు గడియారం చూసుకుంటారు. అప్పట్లో మా అమ్మ తలుపు వేసుకుని నూరిన దాని గురించి ఇప్పుడు నేను ఆఫీసు క్యాంటీన్‌లో జోకులేస్తున్నాను. నాన్న కూడా ఈ మధ్య, ఎవరూ అడక్కుండానే, పెద్దవాళ్ళకు కూడా పరీక్షలు చేస్తారట కదా అన్నాడు. తాళం వెతుక్కుంటూ అన్నాడు. ఆనేకల్‌లో అవ్వకు బీపీ మాత్ర మొదలైంది. ఆమె వేసుకోనని మొండికేస్తే, మజ్జిగలో కలిపేద్దామా అని నాన్న అడిగాడు. ఆ మనిషికా అన్నట్టు నేనూ అమ్మా ఆయనవైపు చూశాం. ఆయన ఫ్యాను చూశాడు.

ఆదివారం హాల్లో, అమ్మ సింధు గారి భర్తను ముందు అడగవలసింది అడిగింది, ఈ మాత్రను పొడి చేయొచ్చని డాక్టరు చెప్పారా అని. అడిగి చెబుతామన్నారాయన. తెలియకుండా అన్న దాని గురించి అమ్మ ఏదో మొదలుపెట్టబోయింది. అంతలో డైనింగ్ టేబుల్ కిందినుంచి ఒక గొంతు వచ్చింది.

"జామ్‌లో ఏం పెడతారు?"

వాళ్ళ నాన్న నావైపు చూశారు. నేను ఫ్యానుకేసి చూశాను. సంప్రదాయాన్ని కాపాడాలి కదా. సింధు గారు కప్పు పక్కన పెట్టి, నెమ్మదిగా వంగి, బల్ల కిందికి తల పెట్టారు.

"మందు," అన్నారు. "నీ కోసమే."

"చేదా?"

సింధు గారు నన్నడిగినట్టు చూశారు. చేదే అని చెప్పాను. బల్ల కింద కొంతసేపు ఆలోచన జరిగింది.

"మరి జామ్?"

"జామ్ వేరే ఇస్తాను," అన్నారు సింధు గారు.

ఒప్పందం కుదిరినట్టుంది. బల్ల కిందినుంచి ఒక చిన్న చెయ్యి బయటికి వచ్చి, కుర్చీ రబ్బరు బూటు ఒకటి మా ముందు నేలమీద పెట్టింది. మిగతా మూడూ ఇంకా దొరకలేదు.